పోయి వస్తే ఒకటి

జూన్ 14, ఆదివారం

స్వామితో చెప్పుకునే మాట కూడా ఈ ఇంట్లో నోటితో చెప్పుకోవడానికి లేకుండా పోయింది. అందుకే రాస్తున్నాను.

పొద్దున దీపం పెట్టేటప్పుడు, నాయనా సుబ్రహ్మణ్యా, ఒక్క పూట నన్ను విడిపించు అని మెల్లగా అనుకున్నాను. అత్త నా వెనకాలే నిలబడి ఉంది. ఈ మధ్య ఆమెకి విన్న మాటంతా తిరిగి అనే అలవాటు పట్టుకుంది. కాఫీ దగ్గర కొడుకు ముందు కూర్చుని, అచ్చం నా గొంతులాగే మెత్తగా, "ఒక్క పూట నన్ను విడిపించు" అనింది. మా ఆయన నవ్వి, అమ్మకి భక్తి జాస్తి అయిపోయింది అన్నారు. మా అబ్బాయి అరవిందన్ కూడా నవ్వినాడు. నేనూ నవ్వినాను.

ఇది నూలు అంగడి వాళ్ళు ఇచ్చిన డైరీ. పెరట్లో షెడ్డు వేయాలి, పునాదికి ఎన్ని సిమెంటు బ్లాకులు పడతాయో లెక్క వేసి పెట్టు, స్కూల్లో లెక్కల్లో నువ్వే కదా ఫస్టు అని ఆయన నిన్న చేతికి ఇచ్చినారు. లెక్కకి ఒక పేజీ చాలు. మిగతావి నావి.

నేను మా పుట్టింట, అత్తిమంజేరిపేటలో పదో తరగతి దాకా తెలుగులోనే చదివినాను. ఆయన చదివింది అరవం. పిల్లలిద్దరిదీ అరవమే. తెలుగు బాగా మాట్లాడతారు గాని ఒక్క అక్షరం గుర్తుపట్టలేరు. అత్తకి ఏ అక్షరమూ రాదు. ఈ పుస్తకం వాకిట్లో తెరిచి పెట్టినా నాకు భయం లేదు.

జూన్ 15

అత్త మళ్ళీ రైలు పట్టాల దగ్గరికి పోయింది. గేటు దగ్గర పనిచేసే అబ్బాయి చెయ్యి పట్టుకుని పిలుచుకొచ్చినాడు. నేను కన్ను తిప్పింది ఇడ్లీ పిండి గిన్నెలోకి తీసేంత సేపే.

జూన్ 17

షెడ్డు ఎందుకని అడిగినాను. పాత మగ్గం కొయ్యలు పెట్టుకోవడానికి అన్నారు. మామగారు పోయిన తర్వాత మగ్గం విప్పేసి కొయ్యలన్నీ కట్ట కట్టి పెరటి గోడకి ఆనించి పెట్టినాము. వాన పడితే గోనెపట్ట కప్పుతాను. ముందు గదిలో, నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంత మాత్రం అలాగే ఉంది, పైన పలకలు పరిచి, పలకల మీద చాప వేసి. అత్త ఆ చాప మీద కూర్చుని కింద పలకల్ని మడమలతో కొడుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఇప్పుడు ఆ చప్పుడు పట్టించుకోరు.

ఆవణి నెలలో అరవిందన్ పెళ్ళి. అంతలోపల ముందు గదికి టైల్స్ వేయాలని ఆయన ఆశ. గుంత ఉండగా టైల్స్ ఎలా వేస్తారు. మా ఇళ్ళలో మగ్గం గుంతలో కాలు పెట్టి నేసిన మనిషి బతికుండగా ఆ గుంత పూడ్చరు. అత్త నేసింది అందులోనే. ఆ మాట ఎవరూ ఎత్తరు.

షెడ్డు పదహారు అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు. పునాది బ్లాకులతో, పైన గోడలూ కప్పూ రేకులతో. కొయ్యలకి అంత స్థలం ఎందుకో నాకు తెలియలేదు. బట్టలు ఉతికే రాయి దగ్గర నిలబడితే కొండ మీద స్వామి గోపురం కనిపిస్తుంది. రోజూ అక్కడి నుంచే చేతులు జోడిస్తాను. షెడ్డు గోడ లేస్తే అది కనపడదు. ఈ మాట ఆయనతో అనలేదు. అంటే ఇల్లెక్కి మొక్కుకో అంటారు.

జూన్ 18

లెక్క అయింది.

టేపు అరవిందన్ బండిలో ఉండిపోయింది. నాలుగు పుల్లలు నాటి, పాత నూలు కండె ఒకటి తీసుకుని చుట్టూ నడిచినాను. ఎన్ని ఏళ్ళయిందో అలా నూలు వేళ్ళ సందున జారి. చిన్నప్పుడు మా వీధిలో తెల్లారకముందే పుల్లలు నాటి, మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, పడుగు వేసేవాళ్ళు. మా అవ్వ ఈ కొస, నేను ఆ కొస. నూలు పట్టుకుని ఆ కొసకి పోయి, తిరిగి ఈ కొసకి వస్తే ఒకటి. "పోయి వస్తే ఒకటే పిల్లా, రెండనుకోవద్దు, పడుగు చెడిపోతుంది" అని అవ్వ అరిచేది. ఆ పోగుల లెక్కలో నేను ఒక్కసారీ తప్పలేదు.

అత్తని ఉతికే రాయి మీద కూర్చోబెట్టినాను. నన్నే చూస్తూ, చేతులు ఒళ్ళో ముడుచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. పిలిచినా పలకలేదు.

బ్లాకు పదహారు అంగుళాల పొడుగు, ఎనిమిది అంగుళాల ఎత్తు. పొడుగు గోడ పోయి వస్తే ఒకటి, దానికి పన్నెండు బ్లాకులు. అడ్డ గోడ పోయి వస్తే ఒకటి, దానికి తొమ్మిది. వరసకి ఇరవై ఒకటి. నాలుగు వరసలకి ఎనభై నాలుగు. మూలల్లో కొంచెం తగ్గుతుంది, విరిగేవి కొన్ని ఉంటాయి. తొంభై అని రాసి కింద గీత గీసినాను. స్కూల్లో అలా గీత గీస్తే సారు టిక్కు పెట్టేవారు.

జూన్ 20

అరవిందన్ కరెంటు పైపుల కోసం పెరట్లో కొలతలు చూసుకుంటూ అడిగినాడు, "అమ్మా, నీకు ఫ్యాను యాడ కావాలి, తల పక్కనా, కాళ్ళ పక్కనా?"

షెడ్డులో నాకు ఫ్యాను ఎందుకురా అన్నాను. వాడు నాలిక కరుచుకున్నాడు. నాన్న చెప్పలేదా అన్నాడు. తర్వాత బండి ఎక్కి వెళ్ళిపోయినాడు.

జూన్ 21, ఆదివారం

ఆయన్ని అడిగినాను. ఆయన దాచలేదు. ఎప్పుడో చెప్పినట్టే మాట్లాడినారు.

కోడలు వస్తుంది. కొత్త పిల్ల. అమ్మ రాత్రిళ్ళు కేకలు పెడుతుంది, తలుపులు తడుతుంది. పెరట్లో రెండు మంచాలు పట్టేలా ఒక గది ఉంటే అమ్మకీ బాగుంటుంది, నీకూ గాలి తగులుతుంది. అమ్మని ఒంటిగా పడుకోబెట్టలేము కదా. నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం.

ఎన్ని రోజులకి అని అడిగినాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ అన్నారు. తర్వాత చూద్దాం అన్నారు.

ఆయనే మళ్ళీ, "నిన్ను ఎవరు అడవికి తోలినారే, పెరడే కదా" అన్నారు. నవ్వుతూనే. ఆ తర్వాత, రాత్రికి బయట గడియ పెట్టేస్తే పట్టాల దగ్గరికి పోతుందనే భయం ఉండదు, అందరికీ నిద్ర పడుతుంది అన్నారు.

"లోపల నేను కూడా ఉంటాను కదా మామా" అన్నాను.

"అందుకే కదా భయం లేదంటా ఉండాను."

ఆయన చెడ్డవారు కాదు. తిరువళ్ళూరులో కంపెనీ పని, పొద్దున ఆరు గంటల బండికి పోతే చీకటి పడ్డాక వస్తారు. తాగరు. చెయ్యి ఎత్తినది లేదు. వాళ్ళమ్మని వదిలేయలేదు. ఇవన్నీ రాసి పెట్టుకోవాలి.

జూన్ 22

గడియ బయట.

జూన్ 24

చౌడయ్య మేస్త్రి వచ్చి సోమవారం పునాది పెట్టుకోవచ్చు అని చెప్పిపోయినాడు. ఆడి నెల, అరవం లెక్కలో ఆషాఢం, పుడితే మా ఇంట్లో రాయి కదిలించరు, అంతలోపల పునాది లేచిపోవాలి. ఆయన బ్లాకుల యార్డుకి ఫోన్ చేస్తూ నన్ను పిలిచి ఎన్ని అని అడిగినారు. తొంభై అన్నాను. ఇంకొకసారి చూడు, తర్వాత లోడు దొరకడం కష్టం అన్నారు.

పుస్తకం తెరిచి చూసినాను. తొంభై కింద గీత బాగానే ఉంది. సరిగ్గానే ఉంది అన్నాను.

జూన్ 29, సోమవారం

ఆయన ఒక పూట సెలవు పెట్టినారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. చౌడయ్య నిన్ననే పొడుగునా అడ్డంగా పునాది కాలవ తవ్వించి సున్నం గీతలు వేసినాడు. పదహారు, పన్నెండు. ఆ గీతల మధ్యలో నిలబడి హారతి ఇచ్చినాను. రెండు మంచాలు ఎక్కడ పడతాయో నేల మీద కళ్ళకి కట్టినట్టు కనపడింది.

లారీ వచ్చి బ్లాకులు దించింది. చౌడయ్య చూసి, ఇంకొక లోడు ఎప్పుడు వస్తుంది అన్నాడు. ఇంకొక లోడు లేదు అన్నారు ఆయన. చౌడయ్య బ్లాకులు ఇంకొకసారి చూసినాడు, నా వైపు చూసినాడు.

"అక్కా, ఇవి రెండు గోడలకే సరిపోతాయి. మిగతా రెండు గోడలూ స్వామి పేరు చెప్పి నిలబెట్టేదా?"

నేను ఎలా లెక్క పెట్టినానో చెప్పినాను. పొడుగు పోయి వస్తే ఒకటి, అడ్డం పోయి వస్తే ఒకటి. చౌడయ్య కూడా నేత ఇంట్లో పుట్టినవాడే, మగ్గం వదిలి తాపీ పట్టినాడు. గడ్డం గోక్కుంటూ, "ఇది గోడ అక్కా, పడుగు కాదు. పోయిన గోడా ఉంటుంది, వచ్చిన గోడా ఉంటుంది" అన్నాడు. కూలీ ఆడవాళ్ళు ఇద్దరూ నవ్వినారు. ఆయన కూడా నవ్వినారు. "లెక్కల్లో ఫస్టు" అన్నారు అందరూ వినేలా. అది ఆయన కోప్పడే పద్ధతి.

యార్డుకి ఫోన్ చేస్తే ఆడి రాకముందే కట్టాలని అందరికీ తొందరే, లోడు ఆడి పుట్టిన తర్వాతే అన్నారు. ఆడిలో రాయి పెట్టను అన్నారు ఈయన. పెట్టిన పునాది సగంలో ఆగకూడదు కూడా.

నాకు లోపల ఏదో తేలికైనట్టు అనిపించింది. అనిపించిందని రాస్తున్నాను, అంతే.

జూన్ 30

ఉన్న బ్లాకులతోనే చిన్నది కట్టేయమన్నారు. ఎనిమిది అడుగులు, ఆరు అడుగులు. చౌడయ్య పెద్ద గీతల లోపల చిన్న గీతలు వేసినాడు.

ఎనిమిదికి ఆరులో రెండు మంచాలు పట్టవు కదా అన్నాను. ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "అమ్మకి మంచం. నువ్వు కింద చాప వేసుకో. నీకు మంచం అలవాటు లేదు కదా."

నిజమే. నాకు మంచం అలవాటు లేదు.

జూలై 1

లెక్క తప్పింది. అంతే.

జూలై 2

చౌడయ్య చిన్న గీతల మీద తవ్విన కాలవలో మొదటి వరస పెట్టినాడు. ఆయన కంపెనీలో, అరవిందన్ పనిలో. అత్తకి జడ వేస్తూ వాకిట్లో కూర్చుని చూసినాను. గీతల లోపల చాప వేస్తే మంచం కాళ్ళకీ గోడకీ మధ్య ఎంత మిగులుతుందో కళ్ళతోనే కొలిచినాను. పక్కకి తిరగడానికి ఉండదు.

జూలై 3, శుక్రవారం

మజ్జిగ ఇవ్వడానికి పోతే చౌడయ్య అన్నాడు, దీంట్లో ఏం పెడతారు అక్కా, కోళ్ళా? మంచం, చాప అని చెప్పినాను. అతను మజ్జిగ తాగేసి గ్లాసు కింద పెట్టినాడు. తర్వాత, ఎనిమిదికి ఆరంటే మగ్గం కొలత అక్కా, మా నాయన మగ్గం సరిగ్గా ఇంతలో ఉండేది అన్నాడు.

ఆ మాట అతనే అన్నాడు. నేను అనలేదు.

నేను లోపలికి వచ్చి పుస్తకం తీసినాను. చిన్నదానికి చుట్టూ వరసకి ఇరవై ఒకటి, నాలుగు వరసలు కాకుండా మూడు వరసలు పెడితే అరవై మూడు. తొంభైలో ఇరవై ఏడు మిగులుతాయి. మూడు అడుగుల చదరం గుంతకి చుట్టూ తొమ్మిది, మూడు వరసలకి ఇరవై ఏడు. రెండు అడుగుల లోతు వస్తుంది. నేను పొడుగు మనిషిని, నాకు చాలదు. అత్తకి చాలు. ఈసారి నాలుగు గోడలూ లెక్క పెట్టినాను.

బయటికి వచ్చి చెప్పినాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. చౌడయ్య రెండుసార్లు అడిగినాడు, విన్నది సరిగ్గానేనా అని.

"అయ్యకి తెలుసా అక్కా?"

"అయ్యతో నేను చెప్తాను. నువ్వు గుంత తీయి."

పునాదికి మూడు వరసలు చాలుతాయా అని కూడా అడిగినాను. పైన రేకే కదా, పోదు అన్నాడు.

జూలై 4

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. గుంత నాలుగు మూలలా పసుపు పెట్టినాను. దీపం పెట్టినాను. పాత మగ్గం పక్క కొయ్య ఒకటి తెచ్చి అడ్డంగా వేసినాను. అత్తని పిలుచుకొచ్చి గుంత అంచున కూర్చోబెడితే, ఎవరూ చెప్పకుండానే రెండు కాళ్ళూ లోపలికి దించింది. మడమలు కింద తొక్కుడు చెక్కల కోసం వెతికినాయి. చేతులు రెండూ ముందుకి వచ్చి, అడ్డ పోగు నడిపే నాడె లేకపోయినా ఉన్నట్టే అటూ ఇటూ విసిరినాయి. పలకలు కొట్టడం లేదు. అరుపు లేదు. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. ఇన్నేళ్ళూ ఆమె అడుగుతున్నది ఇదే అని అనుకున్నాను.

జూలై 5, ఆదివారం

ఆయన చూసినారు. గుంత చుట్టూ ఒకసారి తిరిగినారు. పూడ్చమని చౌడయ్యకి ఫోన్ చేయబోయినారు.

"దీపం పెట్టేసినాను మామా. అత్త కాలు పెట్టేసింది."

ఆయన ఫోన్ చేతిలోనే పట్టుకుని నా వైపు చూసినారు. నేత ఇంటి బిడ్డ. ఆ మాట దాటలేరని నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. మా ఇళ్ళలో మనిషికి ఒకటే గుంత. కొత్తదాంట్లో కాలు పెడితే పాతది విడిచిపెట్టినట్టు. ముందు గది గుంత ఇంక పూడ్చుకోవచ్చు, టైల్స్ వేసుకోవచ్చు అని కూడా చెప్పినాను. ఆయన ముఖం కొంచెం మారింది.

"మరి రాత్రి అమ్మ యాడ పడుకుంటుంది?"

"ఇప్పుడు పడుకుంటా ఉండేచోటే. వంటగది పక్కన. నేను పక్కనే ఉంటాను."

ఆయన లోపలికి పోయి, టైల్స్ వాళ్ళకి ఫోన్ చేసినారు. కోడలు ముందు అమ్మ అరిస్తే నాది పూచీ కాదు అని మాత్రం తలుపు దగ్గర అన్నారు. వంటగది పక్కన, నా చాప నా చోటే ఉంది. గడియ లోపల ఉంది.

జూలై 10, శుక్రవారం. కృత్తిక, స్వామి నక్షత్రం

కొండకి పోవాలని అడిగినాను. అమ్మని ఎవరు చూసుకుంటారు అన్నారు. కొండ యాడికి పోతుందే, ఆడే ఉంటుంది అన్నారు. ఉతికే రాయి దగ్గర నిలబడి చేతులు జోడించినాను. షెడ్డుకి రేకులు ఇంకా వేయలేదు. గోపురం కనిపించింది.

జూలై 17

ఆడి పుట్టింది. రేకులు వేసినారు. గోపురం కనపడదు. ఒక పక్కకి వంగితే పై కొస కొంచెం.

జూలై 21

చౌడయ్యా, వాళ్ళ మామా వచ్చి మగ్గం నిలబెట్టినారు. నూలు అంగడి వాళ్ళు మిగిలిపోయిన ముతక పడుగు ఒకటి ఊరికే ఇచ్చినారు. అత్త నేస్తూ ఉంది. గుడ్డ వంకర వస్తుంది, అంచులు నిలవవు, అయినా నేస్తూ ఉంది.

జూలై 26, ఆదివారం

మా అమ్మాయి రంజని తిరువళ్ళూరు నుంచి వచ్చింది. అవ్వని చూసి దానికి ఏడుపు ఆగలేదు. ఎంత మంచి పని చేసినావమ్మా, అవ్వ ముఖం చూడు అనింది. ఫోనులో ఫోటో తీసుకుంది. ఆయన కూడా, వీధిలోవాళ్ళతో, మా ఇంటిది వాళ్ళత్త కోసం మగ్గం పెట్టించింది అని చెప్పుకున్నారంట.

అత్త ఒంటిగా గుంతలోంచి లేవలేదు. మోకాళ్ళు రావు. లోపల ఒక పీట వేసి, దాని మీద కాలు పెట్టించి, చంకల కింద పట్టి లేపాలి. రంజనికి చూపించినాను.

జూలై 29

అత్త మగ్గం మీద ఉండగా వీధి చివరి అంగడి దాకా పోయి ఉప్పు తెచ్చినాను. ఎప్పుడూ ఆమె చెయ్యి పట్టుకునే పోయేదాన్ని. చెయ్యి ఖాళీగా ఉంటే ఎలా ఊపాలో మరిచిపోయినాను.

ఆగస్టు 1

మార్కెట్ దాకా పోయి వచ్చినాను. వచ్చేసరికి నేస్తూనే ఉంది.

ఆగస్టు 3

పీట గుంతలో ఉంటే, లేవబోయి తట్టుకుని పడుతుందేమోనని, బయటికి పోయేటప్పుడు తీసి గోడ పక్కన పెడుతున్నాను. ఆమె మంచికే.

ఆడి కృత్తిక

పోయినాను. రేపు రాస్తాను.

మరుసటి రోజు

ఊరంతా నిన్న కొండ వైపే. తెల్లారకముందే పూల కావళ్ళు మా వీధిలోంచే పోయినాయి. ఆయనా అరవిందనూ వీధి మగవాళ్ళతో కలిసి కింద అన్నదానం దగ్గర వడ్డించడానికి పోయినారు. మధ్యాహ్నం దాటినా రారు. నువ్వు ఇంటి నుంచే దండం పెట్టుకో అన్నారు.

అత్తకి తినిపించి, తల దువ్వి, మగ్గం మీద కూర్చోబెట్టినాను. కండెలు నిండుగా చుట్టి పక్కన పెట్టినాను. చెంబు నీళ్ళు పెట్టినాను. పీట తీసినాను. ఆమె చెవి దగ్గర వంగి చెప్పినాను, లేవొద్దు, ఇప్పుడే వచ్చేస్తాను అని.

కొండ మీద మనుషుల మధ్య నన్ను నేను నడిపించుకున్నది లేదు. వెనకాల వాళ్ళు తోస్తే పైకి పోయినాను. అందరూ అరోహరా అంటుంటే నేనూ అన్నాను, గట్టిగా. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. సన్నిధిలో స్వామి కనపడలేదు. ముందు మనుషుల తలలు, తలల మీద హారతి వెలుతురు. అడగాలని ఎన్ని నెలలుగా దాచుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. హారతి తిరుగుతుంటే గోడ పక్కన నేను పెట్టిన పీట కళ్ళ ముందు నిలబడింది. అంతే.

దిగేటప్పుడు తోపులాట. తిరిగి వచ్చేసరికి అనుకున్నదానికంటే చాలా ఆలస్యం అయింది.

పెరట్లోకి రాగానే నాడె చప్పుడు వినపడింది. అమ్మయ్య అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే నాడెలో నూలు లేదు. ఎప్పుడో అయిపోయింది. వట్టి నాడెని అటు విసిరి, ఇటు పట్టుకుని, అటు విసిరి. కండెలు పక్కనే ఉన్నాయి, మార్చుకోవడం మరిచిపోయింది. చెంబు దొర్లి పడి ఉంది. చీర తడిసి ఉంది. గుంత గోడకి కొత్త సిమెంటు మీద మడమలు రాసుకుని చర్మం లేచిపోయి ఉంది. పిలిచి పిలిచి గొంతు పోయింది, మాట గాలిలాగా వచ్చింది.

నన్ను చూసి నాడె ఆపింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ రోజు ఉతికే రాయి మీద కూర్చున్నట్టే ముడుచుకుని, అడిగింది.

"అమ్మా, ఇంక లేసేదా?"

చెంబు తీసి నిలబెట్టినాను. ఆమెని చిన్నప్పుడే మగ్గం మీద కూర్చోబెట్టినారని మామగారు ఎప్పుడో చెప్పినారు. ఎంత చిన్నప్పుడో, ఎంతసేపో, ఎవరు కూర్చోబెట్టినారో నేను ఎన్నడూ అడగలేదు. ఆమె గుంతలో చప్పుడు చేయకుండా ఉంటే సంతోషం అనుకున్నాను. లేవకూడదన్నారని కూర్చుని ఉంది అనుకోలేదు. పలకల మీద ఇన్నేళ్ళు కొట్టింది లోపలికి పోవడానికో, బయటికి రావడానికో నాకు తెలియదు.

పీట తెచ్చి వేసినాను. లేపినాను. స్నానం చేయించి, మడమలకి పసుపు నూనె పెట్టినాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, అయిపోయింది కదా, ఇంక ఆడుకునేదా అని అడిగింది. ఆడుకో అన్నాను.

ఆయన వచ్చి పూజ గదిలో విభూతి చూసి, యాడిది అన్నారు. పక్కింటివాళ్ళు ఇచ్చినారు అన్నాను. స్వామి విభూతి మీద అబద్ధం చెప్పినాను.

అన్నాల దగ్గర అత్త కొడుకుని చూస్తూ, బొంగురు గొంతులో, అయినా నా మాట తీరులోనే, మెత్తగా అనింది, "లేవొద్దు, ఇప్పుడే వచ్చేస్తాను."

గరిటె గిన్నెలో పెట్టేసినాను.

"ఎవరు చెప్పినారమ్మా?" అన్నారు ఆయన.

అత్త అందరి ముఖాలూ చూసింది. నా ముఖం దగ్గర ఆగింది.

"మా అమ్మ" అనింది.

ఆయన నవ్వి, అమ్మకి పాతవన్నీ జ్ఞాపకం వస్తున్నాయి, మగ్గం బాగా పనిచేసింది అన్నారు. అరవిందన్ ఇంకొంచెం రసం అడిగినాడు. పోసినాను.

రెండు రోజుల తర్వాత

పీట తట్టుకుని పడుతుందని కాదు నేను తీసింది. తట్టుకునేంతగా ఆమె కాలు ఎత్తలేదు. అది నాకు మొదటి నుంచీ తెలుసు. పుల్లలు నాలుగు నాటినప్పుడు గోడలు నాలుగని తెలియదా అంటే, అది కూడా ఇక్కడ రాయాలి. రాయలేకపోతున్నాను.

ఇప్పుడు పీట గుంతలోనే ఉంది. మగ్గం మీద కూర్చుంటావా అని ఒకసారి అడుగుతాను. కూర్చుంటాను అంటే పక్కన ఉతికే రాయి మీద నేను కూర్చుంటాను. వద్దంటే వద్దు. వంటగదిలో కూర్చుని నేను అన్న మాటలు తిరిగి అంటుంది. అంగడికి ఆమె చెయ్యి పట్టుకునే పోతున్నాను. షెడ్డు పక్క నుంచి వంగితే గోపురం కొస కనిపిస్తుంది. అక్కడి నుంచి చేతులు జోడించడానికి నాకు రెండు రోజులుగా చేతులు రావడం లేదు.

రంజనీ, నేను పోయిన తర్వాత నా పెట్టె తెరిచేది నువ్వే. ఈ పుస్తకం నీకు చదవడం రాదు. అది నాకు తెలిసే రాసినాను. తెలుగు చదవడం వచ్చిన వాళ్ళ దగ్గరికి తీసుకుపోయి చదివించవద్దు. అవ్వ ఫోటో పక్కన పెట్టవద్దు, పూజ గదిలో వద్దు. కాల్చవద్దు కూడా, అంత దూరం నాకు ధైర్యం లేదు. ఊరికే నీ దగ్గర ఉండనీ.

ఈ ఒక్క మాట నీకు అందాలి కాబట్టి, అట్ట లోపలి వైపు అరవ అక్షరాల్లో రాసినాను. దాచి పెట్టు, ఎవరికీ చూపించొద్దు అని. నా అరవ అక్షరాలు వంకర. అయినా చదువుకోగలవు.